కాళ్ల బొంతలు

పోయిన గురువారం సాయంత్రం మా ఆఫీసులో కొత్తగా చేరిన ఇంజనీరు నన్ను సైకిల్ సామాన్ల దుకాణానికి లాక్కెళ్లాడు. హైదరాబాదు నుంచి వచ్చి నాలుగు నెలలు కాలేదు. ఖతార్‌లో చలేమిటండీ అని నవ్విన మనిషి, డిసెంబరు తెల్లవారుజామున ఒక్కసారి ఊరి బయటికి సైకిల్ తొక్కి వచ్చి రెండు రోజులు మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాడు. ఎడారి గాలి, దానికి తోడు పొగమంచు. ప్యాంటు తడిసి కాలికి అతుక్కుంటే ఎముక దాకా పోతుంది చలి. ఇప్పుడు వెచ్చగా ఉండేదీ, తడవనిదీ ఒక ప్యాంటు కావాలి, నేను ఎంచి పెట్టాలి.

దుకాణం అబ్బాయి నాలుగు రకాలు పరిచాడు. లోపల మెత్తటి నూగు, పైన నీళ్లు జారిపోయే గుడ్డ. నేను ఒకటి తీసుకుని, ముందువైపు చూడకుండానే తిరగేసి, పిక్కల దగ్గర వేలితో తడిమాను. ఏమీ లేదు, ఉత్త నలుపు. పక్కన పడేశాను. రెండోదీ అంతే.

"అదేంటి సార్, వెనక చూస్తున్నారు?" అన్నాడు మా ఇంజనీరు.

నేను ప్యాంటు అక్కడే పెట్టి దుకాణం బయటికి వచ్చేశాను. "సలి ముంగటికెళ్లి వస్తది సారూ, సావు ఎన్కకెళ్లి వస్తది" అని నాకు చెప్పిన మనిషి నెల కింద పోయాడు. ఆయన అన్నం సంచిలో పెట్టుకు తిరిగిన దబ్బనం కంటే మించిన సైకిల్ సామాను ఆయన దగ్గర ఎప్పుడూ లేదు.

పేరు రాయను. ఆయనకు నచ్చదు. కూలీల క్యాంపులో అందరూ కాక అనేవారు, బాబాయి అన్నట్టు. జగిత్యాల వైపు మనిషి. అల్ షహానియాలో ఒంటెల ఫారంలో పని, క్యాంపు నుంచి రోజూ సైకిలు మీద వచ్చేవాడు. పరుగుపందెం ఒంటెలకు ఇక్కడ చలికాలం దుప్పట్లు కప్పుతారు. సాయంత్రం కప్పడం, పొద్దెక్కాక తీయడం, చినిగినవి కుట్టడం ఆయన డ్యూటీ. ఊళ్లో ఉన్నప్పుడు రైసుమిల్లులో బస్తాల మూతులు కుట్టేవాడట. ఆ దబ్బనమే విమానమెక్కి వచ్చింది.

మొదటిసారి కనబడ్డ రోజు నాకు బాగా గుర్తు, ఎందుకంటే ఆ రోజు నేను తిడుతున్నాను. మాది శుక్రవారాల బృందం, నలుగురం. దోహా నుంచి కార్ల మీద సైకిళ్లు వేసుకుని షహానియా దాటి ఖాళీ రోడ్ల మీద తొక్కుతాం. నా గొలుసు ఊడింది. చేతులకు గ్రీజు, ముక్కుకు చలి, ఇక మా గోదావరి తిట్లన్నీ ఆ గొలుసుకు వినిపిస్తున్నాను. వెనక నుంచి ఎవరో అన్నారు.

"గొలుసుదేం లేదు సారూ. మీరు జర కోపం దించుకుంటె అది ఎక్కుతది."

తిరిగి చూస్తే తుప్పు సైకిలు, దాని మీద నడుం నుంచి చీలమండల దాకా బొంతలు చుట్టుకున్న మనిషి. అతిశయోక్తి కాదు. లోపలివైపు ఎర్రగీతల ఒంటె దుప్పటి ముక్కలు, పైన ముందువైపు మాత్రం పచ్చ టార్పాలిన్, తొడలకూ మోకాళ్లకూ తాళ్లు. వెనక పిక్కల మీద, ఎవరో పారేసిన సైటు జాకెట్టు నుంచి కోసిన వెండి పట్టీలు, కాలికొకటి. గొలుసు రెండు నిమిషాల్లో ఎక్కించి, "మాఫీ ముష్కిల్" అని వెళ్లిపోయాడు. పరవాలేదు అనడానికి ఇక్కడ అందరూ అనే అరబ్బీ మాటే, కానీ ఆయన నోట్లో అది ఊతపదం.

మా బృందంలో ఒకడు వెనక నుంచి ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు. పగలబడి నవ్వే బొమ్మలు వరసగా పడ్డాయి. వాటిలో ఒకటి నాది.

తరవాత శుక్రవారాలు ఆ రోడ్డు మీదే తగిలేవాడు. ఫారం గేటు బయట సిమెంటు దిమ్మ మీద కూర్చుని ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇచ్చేవాడు. ఆయనకో అలవాటు. మనిషి వస్తే ముందు కాళ్లు చూస్తాడు, ముఖం తరవాత. "మొకం అబద్ధమాడుతది సారూ. మోకాలు ఆడది" అనేవాడు. ఒంటెల్ని చూసీ చూసీ వచ్చిన అలవాటేమో. ఏ ఒంటె నలతగా ఉందో నడక చూసి చెప్పేవాడట, డాక్టరు కన్నా ముందు.

నేను ఆయన్ని పెద్దాయనా అని పిలిచేవాణ్ణి. ఓ రోజు నవ్వి గుర్తింపు కార్డు తీసి చూపించాడు. నాకంటే నాలుగు నెలలు చిన్న. "ఎండ జర ఎక్కువ తాగిన సారూ, మీరేమో ఏసీల ఉన్నరు" అని తనే సర్దిచెప్పాడు. పిలుపు మాత్రం మార్చుకోలేకపోయాను.

ఇంటి నుంచి ఫోనొస్తే స్పీకరు పెట్టేవాడు. "దుబాయ్‌ల సలి పెడ్తుందా?" అని అడిగేది వాళ్లావిడ. ఇది దుబాయ్ కాదని ఆయన ఎన్నడూ దిద్దలేదు. "యాడిది సలి, ఉక్కపోస్తుంది" అనేవాడు, ముక్కు తుడుచుకుంటూ.

దారానికి మైనం పట్టించడం చూడాలి. కొవ్వొత్తి ముక్క మీద దారాన్ని మూడుసార్లు లాగుతాడు. మూడే, నాలుగోసారి లాగడు. "గిట్ల చేస్తె కుట్టు సందులకెళ్లి నీళ్లు దిగయి" అని ఒకసారి చెప్పాడు. నేను తలూపాను. వినలేదన్నమాట. చదువుకున్నవాడి తల ఊపు అలాగే ఉంటుంది.

పట్టీల సంగతి మాత్రం విన్నాను. సైకిలు వెనక లైటు పడితే మెరిసే ఎర్ర అద్దం ఎప్పుడో పగిలింది, కొత్తది వేయించుకోవచ్చుగా అన్నాను.

"అద్దం ఊకె ఒక్కకాడ మెరుస్తది. బండి తోలెటోడు దాన్ని బోర్డు అనుకుంటడు, రాయి అనుకుంటడు. పిక్క మీద పట్టి ఉంటె మీదికి కిందికి ఆడుతది. గప్పుడు గది మనిషని తెలుస్తది సారూ. అందుకె ఎన్క బండి చప్పుడైతె తొక్కుడు ఆపొద్దు. భయమైతె ఇంక జోరుగ తొక్కాలె."

ఇంజనీరింగు చదివి, పాతికేళ్లు రోడ్లు వేసిన నాకు ఆ ముక్క ఎవరూ చెప్పలేదు.

జనవరిలో రెండు రోజులు వాన పడింది. ఇక్కడ వానంటే రోడ్లు చెరువులు. ఆ శుక్రవారం ఆయన టార్పాలిన్ మడతల దగ్గర పగిలి, లోపలి దుప్పటి నీళ్లు తాగి, తడిసిన పరుపు మోస్తున్నట్టు తొక్కుకుంటూ వచ్చాడు. పెదాలు నల్లబడ్డాయి. టీ పోస్తుంటే సగం కింద ఒలికింది. జాలేసింది. జాలితోపాటు ఇంకొకటి కూడా ఉంది, ఇప్పుడు దాచడమెందుకు. మా వాళ్లు "మీ తెలుగాయన బొంతలు" అని ఆటపట్టిస్తుంటే నాకు నామోషీగా ఉండేది. ఆ బొంతలు ఆయన ఒంటి మీద నుంచి దిగితే బాగుండునని ఉండేది. రెండింటికీ ఒకటే మందు దొరికింది. నేను వేసుకునే నల్ల ప్యాంటు లాంటిదే ఇంకొకటి కొన్నాను.

ఆయన దాన్ని అరచేత్తో కాదు, చేతి వెనకవైపుతో లోపల నిమిరి చూశాడు. "ఒంటెపిల్ల మెడ లెక్క ఉన్నది" అన్నాడు. తరవాత తిరగేశాడు. పిక్కల దగ్గర చూశాడు.

"శాన మంచిగున్నది సారూ. ఎన్క రెండు పట్టీలు ఏస్కుంటె..." అంటూనే చెయ్యి దబ్బనం కోసం సంచిలోకి పోయింది.

"అమ్మో, సూది మాత్రం తగలనివ్వకండి" అన్నాను. "ఇది మామూలు గుడ్డ కాదు. ఒక్క చిల్లు పడితే నీళ్లు దిగుతాయి. ఇక ఎందుకూ పనికిరాదు."

చెయ్యి సంచిలోంచి ఖాళీగా బయటికి వచ్చింది. నా ముఖంలోకి ఒక క్షణం చూశాడు. "సరె సారూ" అన్నాడు.

రెండు వారాల తరవాత, పని రోజున. షహానియా అవతల మా సైటులో పొద్దున్నే కాంక్రీటు పోయాలి. అయిదున్నరకు బయల్దేరాల్సినవాణ్ణి ఆరుకు బయల్దేరాను. హైవే దిగి ఫారాల రోడ్డులోకి తిరిగేసరికి పొగమంచు పాలు కుమ్మరించినట్టుంది. నా బానెట్టు చివర నాకే సరిగా కనబడదు. మెల్లగా పోవాలని తెలుసు. అవతల కాంక్రీటు బండ్లు వచ్చి నిలబడ్డాయని ఫోను మోగుతోంది. అరవైలో ఉన్నాను.

ఏమీ కనబడలేదు. ఇదే నేను చెప్పగలిగింది. మెరుపు లేదు, అద్దం లేదు, ఎదర తెల్లగా ఉంది, అంతే. తెలుపు మధ్యలో ఒక నల్లటి ముక్క పుట్టింది. పుట్టడమూ బ్రేకు మీద నా కాలు పడడమూ ఒకేసారి. కారు పక్కకు జారింది. బంపరుకు ఇనుము తగిలిన చప్పుడు, చిన్న చప్పుడే, గిన్నె కిందపడ్డంత. కారు ఆగింది.

నేను తలుపు తీసేలోపలే పొగమంచులోంచి మాట వచ్చింది.

"మాఫీ ముష్కిల్, మాఫీ ముష్కిల్."

ఆ గొంతు. దిగి చూద్దును కదా, లైట్ల ముందు ఆయన. ఇసకలో కూర్చుని, ఒక చెయ్యి కుడి మోకాలి మీద వేసుకుని లేవబోతున్నాడు. ఒంటి మీద నేను కొనిచ్చిన ప్యాంటు.

నాకు భయమేస్తే కోపం వస్తుంది. అది నా జబ్బు. "పట్టీలేవి?" అని అరిచాను. "అందరికీ పాఠాలు చెప్తారుగా, మీ పట్టీలేవి? చచ్చిపోయేవారు కదా ఇప్పుడు. నేను చంపేసేవాణ్ణి కదా."

ఆయన నన్ను చూసి గుర్తుపట్టి, నిజంగా, సంతోషించాడు. "మీరేనా సారూ" అన్నాడు. తరవాత నెమ్మదిగా, "మీరే సూది తగల్నియ్యొద్దంటిరి గద" అన్నాడు.

అందులో నిష్ఠూరం ఉంటే భరించేవాణ్ణి. లేదు. అడిగినదానికి జవాబు చెప్పాడంతే.

నేను రోడ్డు మధ్యలో నిలబడిపోయాను. ఆయనే కదిలాడు. నా మోచెయ్యి పట్టి ఇసకలోకి గుంజాడు. "ముందుగాల ఎర్రలైట్లు ఎయ్యి సారూ, ఎన్క బండి వస్తుంది." అప్పుడు వినిపించింది, ఎక్కడో వెనక బరువైన ఇంజను. నేను కిటికీలోంచి చెయ్యి పెట్టి మీట నొక్కాను. నీళ్ల ట్యాంకరు హారను మోగిస్తూ, నా కారు అద్దానికి జానెడు దూరంలో దాటిపోయింది. గాలికి ఇద్దరమూ ఒకరినొకరు పట్టుకున్నాం. ఆయన అరచెయ్యి మళ్లీ మోకాలి మీదికి పోయింది.

చక్రం వంకరపోయిన సైకిలును కారు వెనక కుక్కి, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఫారం మూడు కిలోమీటర్లు. పదిహేనులో నడిపాను. దారంతా ఆయన చెయ్యి తియ్యలేదు మోకాలి మీద నుంచి.

"దెబ్బ తగిలిందా? ఆసుపత్రికి పోదాం."

"ఏం తగల్లే సారూ. మీ ప్యాంటు గూడ చినగలే."

"ప్యాంటు సంగతి ఎవరడిగారు?"

"క్యాంపుల చెప్పకుర్రి సారూ" అన్నాడు. "సైకిలు బంద్ పెడ్తరు. దెబ్బ గిట్ట తగిలిందని అనుమానమొస్తె మెడికల్‌కు తోల్తరు, ఆడికెళ్లి అటే ఇంటికి. బిడ్డ నర్సింగు ఇంక ఎనిమిది నెల్లున్నది. అదొక్కటి గడవాలె."

చెప్పనన్నాను. ఎవరికీ చెప్పలేదు. నిజానికి ఆయన అడగకపోయినా చెప్పేవాణ్ణి కాదేమో, కేసవుతుందనే భయం నాకూ ఉంది. గేటు ముందు దిగి, ఎడమ పక్క నా వైపు పెట్టి, పక్కవాటుగా నడిచి లోపలికి పోయాడు. ఆ నడక వింతగా ఉందనుకున్నాను. ఎందుకని అడగలేదు. ఆ రోజు సైటులో కాంక్రీటు బాగానే పడింది, నా అన్నం డబ్బా మాత్రం తెరవకుండానే తిరిగొచ్చింది. దోహాలో, హిలాల్ పేటలో మా ఇంటికి వచ్చాక మా ఆవిడ ఏమైందని అడిగితే చలి అన్నాను.

ఆ శుక్రవారం గేటు దగ్గరికి వెళ్లేసరికి ఆయన కుంటుతున్నాడు.

"ఇదేమిటి?"

"ఒంటె తన్నింది సారూ."

"దానికీ మీరు పాఠం చెప్పబోయారా?" అన్నాను. ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. హాయిగా నమ్మేశాను. నమ్మితే నాకు సుఖం మరి.

"మీ ప్యాంటు తెచ్చిండ్రా?" అన్నాడు. ముందురోజే ఫోను చేసి నేను వేసుకునే నల్ల ప్యాంటు తెమ్మన్నాడు. దిమ్మ మీద పరిచి, పిక్క దగ్గర జానతో కొలిచి, దారాన్ని కొవ్వొత్తి మీద మూడుసార్లు లాగి, వెండి పట్టీలు రెండూ కుట్టాడు. కుట్టు మీద గోటితో మైనం రుద్దాడు.

"దీనికి నీళ్లు దిగవా?" అన్నాను.

"మైనం ఉన్నది గద సారూ."

నాకు అప్పుడు తగిలింది. "మరి ఆ రోజు చెప్పలేదేం? నేను సూది వద్దన్నప్పుడు?"

ఆయన దారం కొరికి తుంపాడు. "మీరు మనసుపెట్టి తెస్తిరి. నేను ఇట్ల తీస్కొని అట్ల సూది గుచ్చితె ఏం బాగుంటది?"

"మరి మీదానికీ కుట్టుకోండి."

"నాది దాసిన సారూ. ఊరికి పోయినప్పుడు ఏస్కొని తిరుగుత. దుబాయ్ ప్యాంటు అంటరు." అని బొంతలు సర్దుకుని, పగిలినచోట కొత్త టార్పాలిన్ అతుకు చూపించాడు. ఆ చలికాలమంతా ఆ బొంతలతోనే తొక్కాడు. ఎంత మంచులోనైనా ఆ రెండు పట్టీలు పైకీ కిందికీ ఆడుతూ ముందు పోతుంటే నా ప్రాణం కుదుటపడేది. మా వాళ్లు మళ్లీ ఫోటో తీయబోతే ఫోను లాక్కున్నాను.

అక్టోబరు చివర రెండు నెలల సెలవు మీద ఊరెళ్లాడు. బిడ్డ చదువు పూర్తయింది. నవంబరులో ఆయన గదిలో ఉండే నిర్మల్ ఊరతను వాట్సాప్‌లో మాట పంపాడు. "సారూ, కాక పోయిండు. ఇంటికాడ మాపటేళ మంచంల కూసున్నోడు కూసున్నట్టె ఒరిగిండట. గుండె అన్నరు." ఇంకా ఏదో చెప్పి, చివర, "సంచి గీడనే ఉన్నది. వాపస్ వస్తగద అని ఇడిసిపెట్టి పోయిండు. అండ్ల మీ నల్ల ప్యాంటు ఉన్నది, నేను రాకపోతె సారుకియ్యిమని కాయితం మీద రాసిచ్చిండు. ఎప్పుడొస్తరు?"

నెల రోజులు వెళ్లలేదు. డ్యూటీ ఉందని చెప్పాను. మా ఇంజనీరును దుకాణంలో వదిలి బయటికి వచ్చేసిన మర్నాడు, శుక్రవారం, వెళ్లాను.

క్యాంపు గదిలో ఆరు మంచాలు. నిర్మల్ అతను ఆయన మంచం కింద నుంచి సంచి లాగి ఇచ్చాడు. పైన ఆ దబ్బనం, కొవ్వొత్తి ముక్క. దాని కింద వెండి పట్టీలు రెండు, కోసి, అంచులు మడిచి, పిక్కకు సరిపోయేలా సిద్ధంగా ఉన్నాయి. కుట్టడమే తరవాయి. వాటి కింద ప్యాంటు, ఉతికి మడతపెట్టి ఉంది.

మడత విప్పాను. కుడి మోకాలి దగ్గర నా అరచెయ్యి పట్టేంత చిరుగు. అంచుల చుట్టూ లోపలి నూగు గట్టిపడి నల్లగా అట్టకట్టింది. ఎన్ని ఉతుకులు ఉతికినా పోని మరక.

చినగలేదన్నాడు. మూడు కిలోమీటర్లూ చెయ్యి తియ్యలేదు. పక్కవాటుగా నడిచింది కుడి మోకాలు నాకు కనబడకూడదని. ఒంటె తన్నింది అన్నాడు, నేను నవ్వాను.

వెలుగులో పెట్టి ప్యాంటంతా వెతికాను, నడుం నుంచి చీలమండ దాకా. ఊళ్లో బస్తాలు కుట్టినవాడు, ఇక్కడ ఒంటె దుప్పట్లు కుట్టినవాడు, నా ప్యాంటుకు పట్టీలు కుట్టినవాడు, తన చిరుగు మీద ఒక్క సూదిపోటు వెయ్యలేదు. నేను వద్దన్నాను కాబట్టి.

"ఏంది సారూ, ఏం దేవులాడుతున్నరు?" అన్నాడు నిర్మల్ అతను. "చాయ్ తాగుతరా?"

"కొంచెం దారం ఉందా?" అన్నాను.

"కాక దారం గాడనే ఉండాలె, సంచి జేబుల. ఏం చేస్తరు? అది చినిగిపోయింది గద, పారేయుర్రి."

దారం దొరికింది. కొవ్వొత్తి మీద మూడుసార్లు లాగాను. దబ్బనం పట్టుకోవడం నాకు చేతకాదు, మొదటి పోటు గుడ్డలోకి కాదు, వేలిలోకి దిగింది. రెండోది గుడ్డలోకి దిగింది. గదిలో అయిదుగురూ నన్నే చూస్తున్నారు.

"వాటర్‌ప్రూఫ్ అంటిరట గద సారూ," అన్నాడు నిర్మల్ అతను మెల్లగా. "సూది పెడ్తె నీళ్లు దిగుతయని కాక మమ్ముల ముట్టనియ్యకపోతుండె."

"దిగితే దిగనీ" అన్నాను. మూడో పోటు వేశాను.